తప్పు జవాబుల లెక్క

బహుళైచ్ఛిక ప్రశ్నలతో విజ్ఞానశాస్త్ర పరీక్ష జరిపిన పిమ్మట, ఆ ప్రశ్నలలో ఏవి మంచివి, ఏవి కావు అని తేల్చుటకు గణాంకశాస్త్రము మన చేతికి ఒక త్రాసును ఇచ్చినది. దీనిని అంశ విశ్లేషణ అందురు. బి.ఇడి. చదివిన ఉపాధ్యాయులందరికిని ఇది పరిచితమే. జవాబు పత్రములను మార్కుల క్రమమున పేర్చి, పైనుండి కొన్నిటిని, క్రిందినుండి కొన్నిటిని తీసికొని, ఒక్కొక్క ప్రశ్నకు ఆ రెండు జట్లలోను ఎందరు సరియైన జవాబు గుర్తించిరో లెక్కింతుము. పైజట్టువారు ఎక్కువగా చేసిన ప్రశ్నను ఉంచుకొందుము. అట్లు కానిదానిని తీసివేయుదుము. ఈ పద్ధతి వలన ప్రయోజనము లేదని ఎవరును అనరు. కాని దీనిని యాంత్రికముగా వాడినచో, విజ్ఞానశాస్త్ర బోధనకు అన్నిటికంటె ఎక్కువ పనికివచ్చు ప్రశ్నలే మొట్టమొదట చెత్తబుట్టలో పడును. ఆశ్చర్యముగా తోచు ఈ మాటకు ఆధారములు చూపుటయే ఈ వ్యాసములోని పని.

మన దేశములో ఈ తరహా పరీక్షలు నిన్న మొన్న వచ్చినవి కావు. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన పనిచేసిన మాధ్యమిక విద్యా సంఘము, వ్యాసరూప ప్రశ్నల పెత్తనమును తగ్గించి లక్ష్యాత్మక ప్రశ్నలకు చోటు ఇయ్యవలెనని సూచించెను. షికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు బెంజమిన్ బ్లూమ్ 1957-58లో మన దేశమునకు వచ్చి పరీక్షల సంస్కరణపై సదస్సులు జరిపెను. 1958లో కేంద్ర పరీక్షా విభాగము ఏర్పడినది. 1961లో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి స్థాపితమైన పిమ్మట ఆ పని దానికి సంక్రమించినది. ఆనాటి ఉద్దేశము ప్రశ్నను పరిశీలించుట, దానిద్వారా బోధనను సవరించుకొనుట. నేడు బిట్ పేపరు అన్నది ప్రతి పాఠశాలలోను ఉన్నది. పరిశీలన మాత్రము చాల చోట్ల మొత్తము మార్కులు కూడుటతో ముగియుచున్నది.

ఇక త్రాసు ఎట్లు పనిచేయునో చూతము. ఒక ప్రశ్నను ఎంత శాతము మంది సరిగా చేసిరో తెలుపునది కాఠిన్య సూచిక. పేరు కాఠిన్యమే గాని, ఈ సంఖ్య పెరిగినకొలది ప్రశ్న సులభమైనదని అర్థము. ఈ తలక్రిందుల వాడుక ఎట్లు స్థిరపడినదో గాని, ప్రతి సంవత్సరము కొత్త విద్యార్థులను తికమక పెట్టుచునే ఉన్నది. రెండవది విచక్షణా సూచిక. పైజట్టులో సరిగా చేసినవారి సంఖ్యనుండి క్రిందిజట్టులో సరిగా చేసినవారి సంఖ్యను తీసివేసి, ఒక జట్టులోని మొత్తము మందిచే భాగించిన వచ్చునది ఇదియే. అది ఒకటికి సమీపించినచో ప్రశ్న తెలిసినవారిని, తెలియనివారిని చక్కగా విడదీయుచున్నట్లు. సున్న అయినచో విడదీయనట్లు. ఋణసంఖ్య అయినచో తెలిసినవారే ఎక్కువగా తప్పు చేసినట్లు.

పైన, క్రింద ఎందరిని తీసికొనవలెను? ట్రూమన్ కెల్లీ అను అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1939లో దీనికి సమాధానము చెప్పెను: నూటికి 27 మంది. పైకొనలో కొద్దిమందినే తీసికొన్న యెడల రెండు జట్ల మధ్య తేడా స్పష్టముగా ఉండును గాని, మంది తక్కువగుటచే లెక్క నిలకడగా ఉండదు. ఎక్కువమందిని తీసికొన్న యెడల లెక్క నిలుచును గాని, మధ్యరకమువారు రెండు జట్లలోను చేరి తేడాను పలుచన చేయుదురు. మార్కులు సామాన్య వితరణములో ఉన్నప్పుడు ఈ రెంటికిని కుదిరిన రాజీ 27 శాతము. తరువాత రాబర్ట్ ఈబెల్ సూచిక విలువలకు హద్దులు గీసెను: 0.40, ఆపైన ఉన్న ప్రశ్న చాల మంచిది, 0.30 నుండి 0.39 వరకు ఫరవాలేదు, 0.20 నుండి 0.29 వరకు సవరింపదగినది; అంతకు తగ్గినది తీసివేయదగినది, లేదా బాగుగా మార్చి వ్రాయదగినది. పాఠ్యగ్రంథములనుండి పాఠ్యగ్రంథములకు ఈ పట్టిక నడచివచ్చుచున్నది. నడకలో "మార్చి వ్రాయదగినది" అను మాట తరచుగా జారిపోవుచున్నది.

ఒక ఉదాహరణము తీసికొందము. ఈ సంఖ్యలు లెక్క తెలియుటకై ఊహించినవే గాని ఏ పాఠశాలవియు కావు. నూరుగురు విద్యార్థులు పరీక్ష వ్రాసిరి. కనుక పైజట్టు 27 మంది, క్రిందిజట్టు 27 మంది. మొదటి ప్రశ్న: ఆమ్లము నీలి లిట్మసు కాగితమును ఏ రంగునకు మార్చును? పైజట్టులో 26 మంది, క్రిందిజట్టులో 14 మంది సరిగా చెప్పిరి. విచక్షణా సూచిక 12ను 27చే భాగింపగా 0.44. ఈబెల్ పట్టిక ప్రకారము ఇది చాల మంచి ప్రశ్న.

రెండవ ప్రశ్న: వేసవి, శీతకాలము ఏర్పడుటకు ముఖ్య కారణమేమి? జవాబులు నాలుగు. భూమి అక్షము వంగియుండుట, భూమి సూర్యునికి దగ్గరగుట, దూరమగుట, సూర్యుడు ఒకప్పుడు ఎక్కువగా, ఒకప్పుడు తక్కువగా మండుట, మేఘములు అడ్డుపడుట. పైజట్టులో 5గురు మాత్రమే అక్షము వంపు అనిరి. 20 మంది దూరము అనిరి. మిగిలిన రెంటికి ఒక్కొక్కరు. క్రిందిజట్టులో 7గురు అక్షము వంపు అనిరి. 9 మంది దూరము, 6గురు సూర్యుని మంట, 5గురు మేఘములు అనిరి. ఇప్పుడు సూచిక 5లోనుండి 7 పోగా వచ్చిన ఋణము రెండును 27చే భాగింపగా, ఋణము 0.07. కాఠిన్య సూచిక 22 శాతము. అనగా కన్నులు మూసికొని చుక్కలు దిద్దినవారి కంటె తక్కువ. త్రాసు తీర్పు స్పష్టము: ఈ ప్రశ్నను తీసివేయుడు.

కాని ఆ సంఖ్యలను మరియొకసారి చూడుడు. క్రిందిజట్టు నాలుగు జవాబులమధ్య చెదరిపోయినది. వారికి ఏ భావనయు లేదు, ఊహించిరి. పైజట్టులోని 20 మంది ఒకే తప్పు జవాబును పట్టుకొనిరి. ఇది ఊహ కాదు, నమ్మకము. వారు పాఠము చదివినవారు. భూమి కక్ష్య దీర్ఘవృత్తమని విన్నవారు. పుస్తకములో ఆ కక్ష్యను ప్రక్కనుండి చూచినట్లు కోడిగ్రుడ్డు వలె సాగదీసి గీసిన బొమ్మను చూచినవారు. మంటకు దగ్గరగా ఉన్న వేడి, దూరముగా ఉన్న చలి అను అనుభవమునకు ఆ బొమ్మ తోడైనది. తెలిసినదంతయు కలిపి తర్కించి తప్పు తీర్మానమునకు వచ్చిరి. ఉపాధ్యాయునికి ఆ తరగతినిగూర్చి ఇంతకంటె విలువైన వార్త లిట్మసు ప్రశ్న చెప్పగలదా? అయినను పట్టికలో లిట్మసు ప్రశ్నకు కిరీటము, ఋతువుల ప్రశ్నకు ఉద్వాసన.

ఈ ఋతువుల అపోహ పిల్లలకే పరిమితము కాదు. 1987లో హార్వర్డ్ ఖగోళ భౌతిక కేంద్రమువారు తీసిన ఒక విద్యాచిత్రములో, ఆ విశ్వవిద్యాలయ స్నాతకోత్సవ దినమున పట్టభద్రులను, ఆచార్యులను కలిపి 23 మందిని ఋతువులనుగూర్చి, చంద్రకళలనుగూర్చి ప్రశ్నించిరి. వారిలో 21 మంది తడబడిరి. దూరమే కారణమని ఎంతో ధీమాగా చెప్పినవారు అందులో కనబడుదురు. మన పిల్లలకు ఈ అపోహ తొలగించుట కొంత సులభము కావలెను. భూమి సూర్యునికి అత్యంత సమీపమునకు వచ్చునది జనవరి మొదటి వారములో. అప్పటి దూరము సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు. అత్యంత దూరమునకు పోవునది జూలై మొదటి వారములో. అప్పుడు సుమారు 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్లు. అనగా మనము భోగిమంటలు వేసికొను రోజులలో భూమి సూర్యునికి దగ్గరగా ఉన్నది. రోహిణి కార్తెలో రోళ్లు పగులునప్పుడు దూరమగుచున్నది. ఈ ఒక్క మాటతో తరగతి అంతయు నిటారుగా కూర్చుండును. కాని ఆ మాట చెప్పవలసిన అవసరమున్నదని ఉపాధ్యాయునికి తెలియుటకు ఆ తప్పు జవాబుల లెక్క కావలెను.

పై ఉదాహరణము ఊహించినదే అయినను, దానిలోని వింత ఊహ కాదు. ఆ చిత్రమును తీసినవారిలో ఒకరైన ఫిలిప్ శాడ్లర్ 1998లో ఒక పరిశోధన ప్రకటించెను. అమెరికాలో 8 నుండి 12 తరగతులవరకు చదువుచు ఖగోళశాస్త్ర పాఠములు మొదలుపెట్టిన 1250 మందికి ఒక బహుళైచ్ఛిక పరీక్షను, పాఠములకు ముందొకసారి, ముగిసిన పిమ్మట ఒకసారి ఇచ్చెను. అందులోని తప్పు జవాబులు పరీక్షకుడు కుర్చీలో కూర్చుండి కల్పించినవి కావు. పిల్లలతో ముచ్చటించి, వారి నోట వచ్చిన భావములను ఏరి ఎరలుగా పెట్టినవి. ఫలితములను విశ్లేషింపగా, గట్టి ఎర ఉన్న ప్రశ్నలలో ఒక విలక్షణమైన వక్రరేఖ కనబడినది. సామాన్యముగా జ్ఞానము పెరిగినకొలది సరియైన జవాబు చెప్పువారు పెరుగుచు పోవలెను. ఇచ్చట అట్లు కాదు. కొంత నేర్చిన మధ్యరకమువారిలో తప్పు భావనకు మద్దతు మొదట పెరిగినది. బాగుగా నేర్చినవారిలో మాత్రమే అది తరిగినది. రేఖ మొదట లోయలోనికి దిగి, ఆపైన కొండ ఎక్కినది.

దీని ఫలితమేమో గమనింపుడు. లోయకు ఎడమవైపున ఉన్న తరగతికి ఆ ప్రశ్న ఇచ్చినచో విచక్షణా సూచిక ఋణసంఖ్య అగును. కుడివైపున ఉన్న తరగతికి ఇచ్చినచో అదే ప్రశ్నకు అదే సూచిక చక్కని ధనసంఖ్య అగును. ప్రశ్నలో ఒక్క అక్షరమును మారలేదు. అనగా సూచిక ప్రశ్న యొక్క గుణము మాత్రమే కాదు. ఆ ప్రశ్నకును ఆ తరగతికిని గల సంబంధము. దీనిని మరచి, ఒక పాఠశాలలో కట్టిన సూచికలను ప్రశ్నల నిధిలో శాశ్వతముగా చెక్కి ఉంచుట సరియైన పని కాదు. తరగతినిబట్టి మారని కొలతకై డెన్మార్కు దేశీయుడు జార్జ్ రాష్ 1960లో ఒక గణిత నమూనా ప్రతిపాదించెను. అది ఎంతో ఉపకరించినది. కాని రాష్ నమూనాలో జ్ఞానము పెరిగినకొలది సరియైన జవాబునకు అవకాశము పెరుగుచునే పోవును. లోయకు అందులో తావు లేదు. ఆ నమూనాకు కుదరనిదని ప్రశ్నను త్రోసివేయుదురా, ప్రశ్నకు కుదరనిదని నమూనాను ప్రక్కన పెట్టుదురా అనునది లెక్కలు తేల్చు విషయము కాదు.

శాడ్లర్ చెప్పినదంతయు శిరసావహింపనక్కరలేదు. తప్పు భావనలు నేర్చుకొనుటకు అడ్డంకులు కావు, అవి జ్ఞానమార్గములో మైలురాళ్లు కావచ్చును అని ఆయన సూచించెను. ఇది ఆకర్షణీయమైన మాట. కాని పరీక్షలు రెండు. విద్యార్థులు అనేక తరగతులవారు. ఆ రేఖ జనసమూహమునకు సంబంధించినది. ఒక్కొక్క విద్యార్థి ఆ లోయలో దిగియే పైకి ఎక్కెనని, దిగకుండ ఎక్కుటకు వీలు లేదని దానినుండి చెప్పుటకు వీలులేదు. కొందరు లోయలోనే నిలిచిపోవుదురేమో! హార్వర్డ్ పట్టభద్రుల సంగతి చూచితిమి కదా. మైలురాయి అనుకొని ఉపాధ్యాయుడు నిశ్చింతగా ఊరకున్నచో, అది సమాధిరాయి కావచ్చును.

మరి ఋణసంఖ్య వచ్చిన ప్రశ్నలన్నియు మంచివే యనుకొనుట మరింత పెద్ద పొరపాటు. చాల సందర్భములలో కారణము సామాన్యమైనదే. జవాబుల పట్టికలో అచ్చుతప్పు ఉండవచ్చును. ప్రశ్నలోని వాక్యము రెండర్థములకు తావిచ్చుచుండవచ్చును. బాగుగా చదివినవాడు మాత్రమే చూడగల మినహాయింపు ఏదో ఉండి, అతడు దానిని గుర్తుపెట్టుటచే నష్టపోయి ఉండవచ్చును. వీటిని సూచిక విడదీయలేదు. జ్వరమాపకము జ్వరమున్నదని చెప్పును. మలేరియాయో టైఫాయిడో చెప్పదు. పైజట్టువారు ఏ తప్పు జవాబునకు గుమికూడిరో చూచి, వారిలో ఇద్దరు ముగ్గురిని పిలిచి ఎందుకట్లు గుర్తించితిరని అడిగినచో, అయిదు నిముషములలో సంగతి బయటపడును.

చిన్న తరగతుల విషయములో ఇంకొక ఆక్షేపణ ఉన్నది. కెల్లీ పద్ధతి 370 మందికి వర్తింపజేసినచో జట్టుకు నూరుగురు వత్తురు. మన పాఠశాలలో తరగతికి 40 మంది అనుకొందము. 27 శాతమన్న 11గురు. ఇంత చిన్న జట్లలో విచక్షణా సూచికకు గల ప్రామాణిక దోషము, ప్రశ్న మధ్యరకపు కాఠిన్యము గలదైనప్పుడు, సుమారు 0.21. అనగా ఒకే ప్రశ్నకు ఈ సంవత్సరము 0.20, వచ్చే సంవత్సరము 0.40 వచ్చినను వింత లేదు. ప్రశ్నయు మారలేదు, పిల్లలును మారలేదు, కాకతాళీయముగా అట్లు వచ్చినది. అట్టిచోట 0.29కిని 0.30కిని మధ్య గీత గీసి తీర్పు చెప్పుట, గజముబద్దతో వెండ్రుక మందము కొలుచుట వంటిది. ఉపాధ్యాయ శిక్షణలో భాగముగా 40 మంది తరగతికి అంశ విశ్లేషణ చేయించి, దశాంశములు మూడు స్థానములవరకు వ్రాయించుట నేను చూచియున్నాను. ఆ మూడవ స్థానము వ్రాయుటకు పట్టిన కాలములో తప్పు జవాబుల పట్టిక తయారగును.

విశ్వసనీయతా గుణకమునుగూర్చి కొద్దిగా చెప్పి ఊరకుందును. కూడర్, రిచర్డ్‌సన్ అనువారు 1937లో ప్రకటించిన సూత్రములలో 20వది నేటికిని ప్రసిద్ధము. పరీక్షలోని ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంతవరకు ఏకీభవించుచున్నవో అది కొలుచును. లిట్మసు వంటి కంఠస్థపు ప్రశ్నలు 40 గ్రుచ్చిన పరీక్షకు ఈ గుణకము గొప్పగా ఉండును. ఒకే మనిషిని 40 సార్లు సాక్ష్యమడిగినట్లు. విశ్వసనీయత ఉన్నంత మాత్రమున సప్రమాణత ఉన్నట్లు కాదని పాఠ్యగ్రంథములు మొదటి పుటలలోనే చెప్పును. చెప్పిన పిమ్మట విశ్వసనీయతకు సూత్రము ఇచ్చి, సప్రమాణతకు ఉపదేశము ఇచ్చును. సూత్రమున్నదానినే అందరును లెక్కింతురు.

ఊహించి గుర్తుపెట్టుట సంగతి ఇంకొకటి. నాలుగేసి జవాబులు గల 40 ప్రశ్నలకు ఏమియు తెలియనివాడు సగటున 10 సరిగా చేయును. ప్రామాణిక విచలనము సుమారు 2.7. అందుచే 13 మార్కులు తెచ్చుకొన్నవానికి ఏమైన తెలుసునని చెప్పలేము. ఉన్నత పాఠశాల దాటినవారు వ్రాయు ప్రవేశ పరీక్షలో ఇది మరింత స్పష్టము. 2024లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెంటియందును ఇంజనీరింగు ప్రవేశమునకు జరిగిన పరీక్షలో ప్రశ్నలు 160, జవాబులు నాలుగేసి, తప్పునకు కోత లేదు. సామాన్య అభ్యర్థులకు అర్హత మార్కులు నూటికి 25, అనగా 40. ఒక్క ప్రశ్నయు చదువకుండ గళ్లు నింపినవానికి రావలసిన సగటు మార్కులును సరిగా 40యే! వాడు అర్హత పొందు అవకాశము సగానికి కొంచెము పైన. అర్హతకును సీటునకును దూరమున్నదనుట నిజమే గాని, "అర్హత" అను మాటకు ఇచ్చట అర్థమేమో ఆలోచింపదగినది. అదే సంవత్సరము వైద్యవిద్యా ప్రవేశ పరీక్షలో సరియైన దానికి 4 మార్కులు, తప్పునకు 1 కోత. నాలుగు జవాబుల ప్రశ్నలో ఊహ లాభనష్టములు సరిపోవలెనన్న ఒక మార్కు కాదు, నాలుగింట మూడవవంతు, అనగా 1.33 కోయవలెను. పిల్లలచే ఈ లెక్క చేయించుడు. సంభావ్యత పాఠము ఇంత శ్రద్ధగా వారు మరెప్పుడును వినరు.

అయితే ఊహకు విరుగుడుగా కోతలనుగూర్చియే మనము ఎక్కువగా వాదించుకొనుచున్నాము. మంచి ఎరలు పెట్టుట దానికంటె మేలైన మందు. అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చెందిన హెస్టినీస్, హైస్కూలులో భౌతికశాస్త్రము బోధించిన మాల్కం వెల్స్, స్వాక్‌హామర్ అనువారు 1992లో బలమునుగూర్చిన ఒక పరీక్ష ప్రకటించిరి. దాని తరువాతి రూపములో ప్రశ్నలు 30. లెక్కలు లేవు, సూత్రములు లేవు. పెద్ద లారీ చిన్న కారును ఢీకొన్నప్పుడు ఏది దేనిపై ఎక్కువ బలము ప్రయోగించును? ఇట్టివే ప్రశ్నలు. న్యూటను మూడవ నియమమును పొల్లుపోకుండ అప్పగించిన విద్యార్థియే లారీ అని గుర్తుపెట్టును. ప్రతి తప్పు జవాబు వెనుకను ఒక నిజమైన భావన ఉన్నది గనుక, ఆ పరీక్షలో తక్కువ మార్కులు వచ్చుట అజ్ఞానమునకు కాదు, మరియొక సిద్ధాంతమునకు సాక్ష్యము. ఈ పరీక్ష ఆధారముగా రిచర్డ్ హేక్ 1998లో 62 తరగతుల, 6542 మంది విద్యార్థుల ఫలితములు సేకరించెను. అందులో 14 తరగతులు హైస్కూళ్లవి. పాఠములకు ముందు తెలియని దానిలో ఎంత భాగము తరువాత తెలిసినదో లెక్కింపగా, ఉపన్యాస పద్ధతి తరగతులలో సగటున 0.23, విద్యార్థులచే చర్చలు, ప్రయోగములు చేయించిన తరగతులలో 0.48 వచ్చినది. సాధారణ బిట్ పేపరు ఈ తేడాను పట్టియుండెడిది కాదు.

దీనికిని విమర్శకులు లేకపోలేదు. హఫ్‌మన్, హెల్లర్ అనువారు 1995లో కారకాంశ విశ్లేషణ జరిపి, ఆ ప్రశ్నలు రచయితలు చెప్పిన భావనల ప్రకారము గుంపులుగా చేరుట లేదని, కావున అవి నిజముగా ఏమి కొలుచుచున్నవో చెప్పుట కష్టమని వాదించిరి. వారి ప్రశ్న న్యాయమైనదే. కాని విద్యార్థి తలలో భావనలు పాఠ్యగ్రంథములోని అధ్యాయముల వలె అమరియుండవు. అమరియుండనివాటిని సంఖ్యలు అమరినట్లు చూపకపోవుట సంఖ్యల తప్పు కాదు.

ఉపాధ్యాయులకు అన్నిటికంటె దగ్గరగా తగులు పరిశోధన 2013లో వచ్చినది. శాడ్లర్, ఆయన సహచరులు 181 మంది ఉపాధ్యాయులకు, వారివద్ద భౌతిక రసాయన శాస్త్రములు చదువు 9556 మంది మాధ్యమిక తరగతుల పిల్లలకు 20 ప్రశ్నల పరీక్ష ఒక్కటే ఇచ్చిరి. ఉపాధ్యాయులను రెండు పనులు కోరిరి: సరియైన జవాబు గుర్తింపుడు, మీ పిల్లలు ఎక్కువగా ఏ తప్పు జవాబు గుర్తింతురో అదియు చెప్పుడు. మొదటి పనిలో చాలమంది బాగుగనే నెగ్గిరి. రెండవదానిలో సగటున సగానికి తక్కువ ప్రశ్నలలోనే సరిగా చెప్పగలిగిరి. గట్టి ఎర ఉన్న ప్రశ్నలలో, సరియైన జవాబుతోబాటు పిల్లల తప్పును కూడ ముందుగా ఎరిగిన ఉపాధ్యాయుల విద్యార్థులే సంవత్సరాంతమున ఎక్కువ అభివృద్ధి చూపిరి. విషయజ్ఞానము ఒక్కటే అచ్చట అంత పని చేయలేదు. ఈ ప్రయోగమును ఏ పాఠశాలలోనైనను ఖర్చు లేకుండ చేయవచ్చును. పరీక్షకు ముందు ఒక కాగితముపై ప్రతి ప్రశ్నకు ఎదురుగా పిల్లలు పడబోవు గుంటను వ్రాసి బీరువాలో పెట్టుడు. జవాబులు వచ్చిన పిమ్మట తీసి పోల్చుడు.

ఇక ఈ పరదేశపు ప్రశ్నలను తెలుగు చేసి మన పిల్లలకు ఇయ్యవచ్చునా? సరియైన జవాబులు అనువాదమునకు లొంగును, ఎరలు లొంగవు. అవి పిల్లల వాడుక భాషనుండి పుట్టినవి. మన పాఠ్యపుస్తకములో బలము వేరు, శక్తి వేరు, సామర్థ్యము వేరు. ఇంటిలో ఈ మూడును ఒక్కటే: "వానికి ఒంట్లో బలము లేదు", "వానికి ఒంట్లో శక్తి లేదు" అన్న మాటలలో తేడా ఏమున్నది? కదలుచున్న బంతిలో బలము ఉన్నది, అది ఖర్చయిపోగానే బంతి ఆగును అనుకొను పిల్లవాడు, తన ఇంటి తెలుగులో తప్పేమియు అనలేదు. అట్లే "వేడి" అను ఒక్క మాట ఉష్ణమునకును, ఉష్ణోగ్రతకును నడచుచున్నది. గ్రామములో "బరువు" అన్నప్పుడు ద్రవ్యరాశియా, భారమా అని ఎవరును అడుగరు. ఎండలో ఉన్న ఇనుప గడియ వేడిగా, దాని ప్రక్కనున్న చెక్క తలుపు అంత వేడిగా లేనట్లు చేతికి తగులును. రెంటి ఉష్ణోగ్రతలు ఇంచుమించు సమానమే కావచ్చునని చెప్పినచో నమ్మువారు అరుదు. ఈ ప్రశ్నలకు తగిన ఎరలు ఇంగ్లీషు పత్రములో దొరకవు.

వాటిని సంపాదించు మార్గము కష్టమైనది కాదు. హెస్టినీస్ తన సహచరుడు హలూన్‌తో కలిసి 1985లో ప్రకటించిన మొదటి పరీక్షకు ఇదే చేసెను. ముందుగా ప్రశ్నను జవాబులు లేకుండ ఇచ్చి, విద్యార్థులను తమ మాటలలో వ్రాయనిచ్చి, వచ్చిన తప్పులను పోగుచేసి, ఎక్కువమంది వ్రాసినవాటిని ఎరలుగా పెట్టెను. తొమ్మిదవ తరగతిలో ఒక గంట చాలును. పైకి ఎగురవేసిన బంతి పై కొనకు చేరిన క్షణమున దానిపై పనిచేయు బలములేవి అని అడిగి, కాగితములు పంచుడు. వచ్చిన జవాబులను ఇంటికి పోయి, ఒకే భావమున్నవాటిని ఒక దొంతిగా పేర్చుడు. నాలుగైదు దొంతులకు మించి రావు. వాటిలో పెద్దవి మూడు, సరియైన జవాబు ఒకటి. అదియే మీ ప్రశ్న. ఆ వాక్యములను మాత్రము దిద్దవద్దు. పిల్లలు వ్రాసిన తెలుగులోనే ఉంచుడు.